బాగుచేసుకునే కిటికీలు పారేస్తున్నారు

బందరులో ఈమధ్య ఏ పేటలోకి వెళ్ళినా ఏదో ఒక ఇంటి ముందు పాత కిటికీలు గోడకి ఆనించి కనిపిస్తున్నాయి. రాబర్ట్‌సన్‌పేటలో చూశాను, గొడుగుపేటలో చూశాను, చిలకలపూడి దారిలోనూ చూశాను. నిలువెత్తు టేకు చట్రాలు, బొటనవేలంత లావు ఊచలు, ఇత్తడి గడియలు. పాత సామాను కొనేవాడి బండి కోసం ఎండలో పడి ఉంటాయి. వీటికేమైందని ఇంటాయన్ని అడిగితే ఎక్కడైనా ఒకటే జవాబు: "పాడైపోయాయండీ, తీయించేశాం." వంగి చూస్తే అడుగు కర్ర ఒక మూల జానెడు మేర చీకి ఉంటుంది. మిగతా కర్రలోకి మేకు కొట్టినా దిగదు. ఆ జానెడు చీకుడు కోసం కిటికీ మొత్తాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. నాకు మండేది ఇక్కడే.

మా రోజుల్లో కిటికీని ఇలా మొత్తంగా కొట్టిపారేసేవాళ్ళు కారు. రెక్క వాలిందా, బందు వదులైందా, అడుగు కర్ర మెత్తబడిందా, ఊచ తుప్పు పట్టిందా, అద్దం చుట్టూ లప్పం రాలిందా అని విడివిడిగా చూసేవాళ్ళు. ఆడవాళ్ళ దగ్గర్నుంచి బడికెళ్ళే పిల్లల దాకా ఇంట్లో ఎవర్నడిగినా చెప్పగలిగేవాళ్ళు. ఎక్కడ దెబ్బతింటే అక్కడే బాగుచేయించేవాళ్ళు. చిన్న పని, చిన్న ఖర్చు, మళ్ళీ చాలా ఏళ్ళు నిశ్చింత.

మా నాన్న కాలువగట్టు మీద కలప అడితిలో గుమాస్తా. బడి వదలగానే నా మకాం అక్కడే. గోదావరి ఏజెన్సీ అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి నీటివాలున రాజమండ్రి దాకా తెచ్చేవాళ్ళనీ, ఏలూరు కాలువ గోదావరినీ కృష్ణనీ కలపబట్టి కలప మన వైపుకి పడవల మీద కూడా వచ్చేదనీ అక్కడి పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. 1908లో బెజవాడ నుంచి బందరుకి రైలు పడ్డాక పడవల జోరు తగ్గిందట. ఉన్నవాళ్ళు టేకు కొనేవాళ్ళు. మధ్యతరగతివాళ్ళు వేపో మద్దో కొనేవాళ్ళు. అంతకీ లేనివాళ్ళు తాటి చేవతో, తుమ్మతో సరిపెట్టుకునేవాళ్ళు. ఏది కొన్నా చేవ ఎంత, తెల్లచెక్క ఎంత అని చూసి మరీ కొనేవాళ్ళు. దుంగ మధ్యలో ముదిరిన చేవను చెద అంత తొందరగా ముట్టదు. చుట్టూ ఉండే తెల్లచెక్కను పిండిలా తినేస్తుంది. మన పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళు టేకు ఎందుకు వాడతారో ఒకసారి అడగండి. అచ్చు రోజంతా రంగు తడిలో ఉంటుంది. వంకర పోకుండా, పగలకుండా నిలబడే కర్ర కావాలి.

ఇప్పుడు అడితికి వెళ్ళి టేకు అడిగితే లేత తోట టేకు చూపిస్తారు. చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. ముదురు టేకు ధర విని వెనక్కి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఇటు మీ ఇంట్లో రెండు తరాలు ఎండకీ వానకీ నిలబడిన ముదురు చేవ చట్రాన్ని పాత సామాను బండికి ఎక్కిస్తున్నారు. అది మీకు మళ్ళీ దొరకదు.

మన ఊరి గాలి సంగతి కూడా చెప్పాలి. మంగినపూడి సముద్రం ఊరికి ఎంతో దూరం లేదు. అటునుంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు కిటికీ మీద పేరుకుంటుంది, గాలిలో ఉన్న తేమను తనలోకి లాక్కుంటుంది. అందుకే వాన లేని రోజున కూడా మన కిటికీ ఊచలు చేత్తో ముట్టుకుంటే జిగటగా ఉంటాయి. గుడివాడలో పదేళ్ళు నిలిచే ఇనప బందు గిలకలదిండిలో నాలుగేళ్ళు నిలవడం కష్టం. దానికితోడు మన కింద ఉన్నది రేగడి నేల. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు బీటలిచ్చి కుంగుతుంది. పునాది సరిగ్గా లేని ఇంట్లో గోడ కదిలితే కిటికీ చట్రం మూలలు తప్పుతాయి. ఇవన్నీ తెలిసిన ఊరు కాబట్టే మా పెద్దవాళ్ళు కిటికీని ఏడాదికి రెండుసార్లు కదిపి చూసేవాళ్ళు. రోహిణి కార్తె ఎండల్లో కర్ర బాగా ఎండి ఉన్నప్పుడు ఒకసారి, ఆశ్వయుజంలో తుఫానుల రోజులు రాకముందు ఇంకోసారి. మృగశిర చినుకు పడకముందే రంగులు, లప్పాలు అయిపోవాలి. తడి కర్ర మీద రంగు వేయడమంటే ఆ తడిని లోపల పెట్టి మూత బిగించడమే.

చూడటం ఎలాగో చెప్తాను, పనికొస్తుంది.

ముందు అడుగు కర్ర. కిటికీలో ఎప్పుడూ మొదట దెబ్బతినేది అదే. నీరు జారి అక్కడే ఆగుతుంది. కర్ర కోసిన చివరలు మూలలో కలుస్తాయి. కోసిన చివర నీటిని పీల్చినట్టు పక్కచెక్క పీల్చదు. రంగు ఉబ్బి పొక్కులు కట్టినా, మూల అతుకు దగ్గర సన్నని నల్లగీత కనిపించినా అక్కడ సన్న స్క్రూడ్రైవరు మొన పెట్టి నొక్కండి. మొన ఆగితే రంగు మాత్రమే పోయింది. లోపలికి దిగితే కర్ర చీకింది. ఎక్కడిదాకా దిగుతుందో సుద్దముక్కతో గీత గీసుకుంటూ పోండి. చాలాసార్లు మీరు భయపడినంత మేర ఉండదు. కర్రలో తేమ నూటికి ఇరవై పాళ్ళు దాటితే తప్ప చీకుడు తెచ్చే బూజు పెరగదు. కాబట్టి మొదటి ప్రశ్న నీరు ఎక్కణ్ణించి వస్తోందన్నది. పైన సన్‌షేడ్ కారుతోందా, గోడకీ చట్రానికీ మధ్య సిమెంటు ఊడిందా, అడుగు కర్ర బయటివైపు వాలు పోయి నీరు లోపలికి నడుస్తోందా? అది తేల్చకుండా కొత్త కర్ర వేసినా మళ్ళీ రెండేళ్ళకి అదే మూల చీకుతుంది.

తర్వాత పురుగు. చెద పడితే గోడ మీదుగా కర్ర దాకా మట్టి బాట కడుతుంది. ఆ బాటను కొంచెం చెరిపి మర్నాడు చూడండి. మళ్ళీ కట్టి ఉంటే చెద బతికే ఉంది. చట్రం మీద మందు కొట్టి ఊరుకుంటే లాభం లేదు, అది నేలలోంచి వస్తోంది. గోడ మొదట్లో ఎక్కడ పైకెక్కుతోందో వెతికి పట్టాలి. పుచ్చుపురుగు వేరు. కర్ర మీద గుండుసూది బెజ్జాలు ఉంటాయి, కింద సన్నపిండి రాలుతుంది. పిండి తుడిచేసి వారం తర్వాత చూడండి. కొత్తగా రాలకపోతే అవి పాత బెజ్జాలు, వాటికి కంగారు పడక్కర్లేదు. పాత బెజ్జాలు చూసి కిటికీలు తీయించేసిన ఇళ్ళు నాకు తెలుసు.

రెక్క బిగుసుకోవడం మూడోది. నేటి పనివాళ్ళు ఎక్కువ పాడుచేస్తున్నది ఇక్కడే. కర్ర తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు ఉబ్బదు. శ్రావణంలో రెక్క పక్కకి బిగుసుకుంటే అది వాన తేమ వల్ల వచ్చింది. ఎండలు రాగానే అదే సర్దుకుంటుంది. ఇప్పుడు ఏం చేస్తున్నారు? వానల్లో పిలిపించి, పక్క చిత్రిక పట్టించి పంపేస్తున్నారు. మాఘం వచ్చేసరికి రెక్కకీ చట్రానికీ మధ్య వేలు దూరే సందు. ఆ సందులోంచి మళ్ళీ వాన నీరు లోపలికి. అప్పుడు "పాత కిటికీ కదా, ఇంతే" అంటారు. మా అడితి పక్కన పనిచేసిన ఆచారి గారు వానాకాలంలో ఎవరు బతిమాలినా చిత్రిక పట్టేవారు కారు. "ఇప్పుడు పట్టిస్తే వేసంగిలో నన్ను తిడతారు బాబూ, కొంచెం సబ్బు రాసి తోయండి" అని పంపేవారు. రెక్క పైన ఒక మూల, కింద దానికి ఎదురు మూల మాత్రమే రాసుకుంటుంటే సంగతి వేరు. అది ఉబ్బు కాదు, పై బందు వదులై రెక్క వాలింది. స్క్రూ బెజ్జం పెద్దదై పట్టు తప్పి ఉంటుంది. స్క్రూ తీసి, బెజ్జంలో టేకు పుల్లను బంక రాసి దిగగొట్టి, ఎండనిచ్చి, మళ్ళీ అదే స్క్రూ బిగిస్తే అయిపోయే పని. ఆ పనికి నేడు కొత్త కిటికీ పెట్టిస్తున్నారు.

రెండూ కాకుండా చట్రమే తప్పి ఉంటే దారం పట్టండి. ఒక మూల నుంచి ఎదురు మూలకి దారం కొలిచి, ఆ కొలతతో రెండో జత మూలలు చూడండి. రెండూ సమానంగా రాకపోతే చట్రం మెలిపడింది. అప్పుడు కిటికీ మీద చెయ్యి వేయకముందు గోడ చూడాలి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా గోడ మీద పగులు పాకి ఉందా? ఉంటే ఆ పగులు రెండు చివర్లా పెన్సిలుతో గీసి తారీకు రాసి పెట్టండి. వానలకు ముందూ వానల తర్వాతా చూడండి. పగులు పెరుగుతుంటే పునాదో, కిటికీ మీది లింటెలో కదులుతోంది. దానికి వడ్రంగి చేయగలిగింది లేదు, ఇంజనీరుని పిలవాలి.

ఇక బాగుచేయడం. చీకిన అడుగు కర్రను మా వాళ్ళు ఎలా మార్చేవాళ్ళో కళ్ళారా చూశాను. మెత్తబడ్డ చోటు దాటి గట్టి కర్ర వచ్చాక ఇంకో నాలుగు అంగుళాలు లోపలికి వెళ్ళి కోసేవాళ్ళు. కోత నిటారుగా ఉండేది కాదు, ఏటవాలుగా ఉండేది. అతుకు మీద పడ్డ నీరు బయటికి జారాలి. కొత్త ముక్క కూడా టేకుకి టేకే, వేపకి వేపే. ఈనెలు పాత కర్ర వెళ్ళే దిక్కుకే వెళ్ళాలి. చేవ వైపు వానకి పెట్టేవాళ్ళు. అతుకులో ఇనప మేకు కొట్టేవాళ్ళు కాదు, వెదురు చీలలు దిగగొట్టేవాళ్ళు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి అదే అతుకుని చీలుస్తుందని వాళ్ళకి తెలుసు. కోసిన చివరలకి అవిసె నూనె పట్టినంత పట్టించి ఆ తర్వాతే బిగించేవాళ్ళు. ఇది ఒక పూట పని. ఇప్పుడు అదే చోట రంపపు పొట్టు బంకలో కలిపి గుంటలో కుక్కి పైన రంగు పూస్తున్నారు. లోపల చీకిన కర్ర అలాగే ఉంటుంది. పైనున్న ముద్ద నీటిని బయటికి పోనివ్వదు. ఒక వానాకాలానికి ముద్ద ఊడి చేతిలోకి వస్తుంది, దాంతోపాటు ఇంకో జానెడు కర్ర వస్తుంది. అటువంటి పని చేసేకన్నా చేయకపోవడం మేలు.

ఊచల మీద ఇంకా కోపం. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఊచ కింది చివర అడుగు కర్రలో దిగి ఉంటుంది. అక్కడ నీరు నిలిచి తుప్పు పట్టి ఉబ్బి కర్రను లోపల్నుంచి పగలగొడుతుంది. అడుగు కర్ర మీద ప్రతి ఊచ కిందా నిలువు పగులు కనిపిస్తే కారణం అదే. మందు తేలిక. వైరు బ్రష్షుతో తుప్పంతా గీకి, మంచినీళ్ళ గుడ్డతో ఉప్పు తుడిచి, ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఊచ కర్రలో దిగే చోట చుట్టూ లప్పం పెట్టి నీరు జారేటట్టు వాలు చేయాలి. ఉప్పు తుడవకుండా రంగు వేస్తే ఆ రంగు కింద తుప్పు పనిచేస్తూనే ఉంటుంది. మా అమ్మ పండక్కి ఇల్లు కడిగినప్పుడల్లా ఊచలు కూడా మంచినీళ్ళతో కడిగేది. మేము అది శుభ్రం కోసం అనుకునేవాళ్ళం. మన ఊళ్ళో ఆ నీళ్ళే సగం మరమ్మతు.

అద్దాల సంగతి. పాత కిటికీల్లో అద్దాన్ని పట్టి ఉంచేది లప్పం. సుద్దపొడి, అవిసె నూనె కలిపి రొట్టెపిండిలా పిసికేవాళ్ళు. అది ఏళ్ళు గడిచాక ఎండి, పగిలి, అద్దం గాలికి గడగడలాడుతుంది. గడగడలాడితే అద్దం బాగానే ఉన్నట్టు, లప్పం పోయినట్టు. పాత లప్పం ఉలితో జాగ్రత్తగా తీసి, గాడిలో కర్రకి ముందు ప్రైమరో నూనో పట్టించాలి. అది చేయకపోతే ఎండిన కర్ర కొత్త లప్పంలో నూనె పీల్చేసి ఏడాదిలో పగలగొడుతుంది. అద్దం కూడా గాడికి బిగుతుగా కోయకూడదు. చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. కర్ర ఉబ్బినప్పుడు అద్దానికి చోటు కావాలి. కొట్లో అద్దం కోసేవాళ్ళకి ఈ మాట చెప్పి కోయించుకోండి.

ఒక్క విషయంలో మాత్రం నేటి పద్ధతే మంచిది. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండేది. మన ప్రభుత్వం ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించకూడదని 2017 నవంబరు నుంచి కట్టడి పెట్టింది. కాబట్టి పాత కిటికీ రంగు గీకేటప్పుడు పొడిపొడిగా ఉప్పుకాగితం వేసి దుమ్ము లేపకండి. తడిగుడ్డతో తడుపుతూ గీకండి, కింద పాత పేపర్లు పరవండి, ముక్కుకి సన్న దుమ్ము ఆపే మాస్కు పెట్టుకోండి, చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని ఆ గది దరికి రానివ్వకండి. రాలిన పెచ్చులు మొక్కల్లో పోయకండి.

సన్‌షేడ్ల గురించి నాలుగు మాటలు. స్లాబు అంచు కింద ఒక చిన్న గాడి ఉండాలి. వాన నీరు అంచు దాకా వచ్చి ఆ గాడి దగ్గర చుక్కగా రాలిపోతుంది. గాడి లేకపోతే నీరు స్లాబు అడుగుననే పాకి నేరుగా కిటికీ మీదికి వస్తుంది. పాత ఓవర్సీర్లు ఆ గాడి లేకపోతే బిల్లు ఆపేవాళ్ళు. ఇప్పుడు కొత్త ఇళ్ళలో సగం చోట్ల కనపడదు. దాంతో లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటు పెచ్చులు కిటికీలో కూచున్న పిల్లల నెత్తిన పడుతున్నాయి. సన్‌షేడ్ అడుగున తుప్పురంగు మరకో, లోపలి ఇనప ఊచ వెంట తిన్నని పగులో కనిపిస్తే సున్నం పూసి కప్పెట్టకండి.

"నాన్నా, ఇప్పుడెవరు కర్ర కిటికీలు పెడుతున్నారు, అల్యూమినియం, యూపీవీసీ పెట్టుకుంటే ఏ బాధా లేదు" అంటాడు మా అబ్బాయి. బాధ లేకపోతే సంతోషమే. ఉంది కాబట్టే చెప్తున్నాను. అల్యూమినియానికి చెద పట్టదు, నిజమే. కాని ఉప్పుగాలికి దాని మీద తెల్లపొడి లేస్తుంది, చిన్నచిన్న గుంటలు పడతాయి. అల్యూమినియం చట్రానికి మామూలు ఇనప స్క్రూలు బిగిస్తే రెండు లోహాల మధ్య ఉప్పు తేమ చేరి ఆ చుట్టూ తినేస్తుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. అందులోనూ సముద్రం దగ్గర 304 రకం కన్నా 316 రకం ఎక్కువ తట్టుకుంటుంది. యూపీవీసీ జారుడు కిటికీలకి కింది పట్టాలో నీరు బయటికి పోయే చిన్న బెజ్జాలు ఉంటాయి. వాటి సంగతి పెట్టినవాడూ చెప్పడు, పెట్టించుకున్నవాడూ అడగడు. దుమ్ముతో అవి మూసుకుపోతే పట్టా తొట్టిగా మారి నీరు గదిలోకి పొంగుతుంది. "కిటికీ లీకు" అని కంగారు పడి మొత్తం మార్చేవాళ్ళున్నారు. సన్న పుల్లతో ఆ బెజ్జాలు పొడిచి, లోటాతో పట్టాలో నీళ్ళు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి. రెక్క బరువుగా కదులుతుంటే అడుగున చక్రాలు అరిగాయి, అవి విడిగా దొరుకుతాయి. గాలి ఈల వేస్తుంటే రబ్బరు పట్టీ గట్టిపడింది, అదీ విడిగా దొరుకుతుంది. నీరు ఎక్కడ కారుతోందో తెలియకపోతే బయట నుంచి మగ్గుతో కింది నుంచి పైకి మెల్లగా పోసుకుంటూ రండి. పైనుంచి పోస్తే అన్నిచోట్లా తడిసి ఏదీ తెలియదు.

గట్టి అద్దం, అంటే టఫెన్డ్ గ్లాసు, ఒకసారి తయారయ్యాక కోయడానికి వీల్లేదు. పగిలితే సరిగ్గా కొలత ఇచ్చి కొత్తది చేయించాల్సిందే. మా చిన్నప్పుడు బంతి తగిలి అద్దం పగిలితే సాయంత్రానికి కోనేరు సెంటర్ నుంచి కొత్త ముక్క వచ్చేది. నేడు మా వీధిలో ఒక ఇంట్లో పగిలిన కిటికీకి అట్ట అంటించి నెలలు గడుస్తున్నాయి. పెట్టిన కంపెనీవాళ్ళకి ఫోను చేస్తే పూర్తి రెక్క కొత్తది తీసుకోమంటున్నారట.

ఇదంతా ఎందుకింత పట్టుదలగా చెప్తున్నానంటే, మనది తుఫానుల తీరం. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరులోనూ చుట్టుపక్కలా 30 వేలమంది పోయారని చిన్నప్పుడు వినని ఇల్లు లేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనను నా తరం కళ్ళతో చూసింది. 1990 మే 9న మళ్ళీ తుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోటి దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర దాటినప్పుడు కూడా ఇక్కడ కిటికీలు కొట్టుకున్నాయి. ఉప్పెన నీటిని ఏ కిటికీ ఆపదు. ఆ మాట దివిసీమ చూసినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. గాలిని మాత్రం ఆపగలదు. ఇళ్ళు కట్టడానికి గాలి లెక్కలు చెప్పే మన దేశపు ప్రమాణం ఈ తీరానికి సెకనుకి 50 మీటర్ల వేగం, అంటే గంటకి 180 కిలోమీటర్లు తీసుకోమంటుంది. ఆ గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల తోపు. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న కిటికీ మీద అది 170 కిలోల దాకా ఉంటుంది. ఆ తోపుకి నిలవాల్సింది రెండు బందులూ ఒక గడియా. అందులో ఒక బందు స్క్రూ వదులైతే ఏమవుతుందో ఆలోచించండి. గాలికి ఎదురుగా ఉన్న ఒక్క కిటికీ తెరుచుకుపోతే లోపలికి దూరిన గాలి పైకప్పుని కిందనుంచి తోస్తుంది. అదే గాలి పైనుంచి కప్పుని లాగుతుంది. పెంకుటిళ్ళ, రేకుల ఇళ్ళ కప్పులు చాలా చోట్ల లేచిపోవడానికి మొదట లొంగింది ఒక కిటికీయో తలుపో.

మా పాత కిటికీలకి చెక్క రెక్కలుండేవి, నిండు పలకవి. తుఫాను వార్త రాగానే మూసి, గడియ వేసి, వెనక అడ్డకర్ర తగిలించేవాళ్ళం. గట్టి చేవ పలక ఎగిరొచ్చిన పెంకు ముక్కకి పగలదు. ఇప్పటివి నిండా అద్దం. అద్దాలకి టేపు ఇంటూ గుర్తులా అంటించి నిశ్చింతగా పడుకుంటున్నారు. టేపు అద్దాన్ని పగలకుండా ఆపదు. అద్దం కిటికీలే ఉన్నవాళ్ళు కిటికీకొక ప్లైవుడ్ పలక కొలతకి కోయించి, స్క్రూలకి బెజ్జాలు ముందే వేయించి, ఏ కిటికీదో పలక మీద రాసి అటక మీద పెట్టుకోండి. కార్తీకంలో వార్త విన్నాక వెతికితే ఊళ్ళో పలక దొరకదు, వడ్రంగీ దొరకడు.

వడ్రంగి మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. మరమ్మతు చేసేవాళ్ళు లేరని అందరూ అంటారు. ఎందుకు లేరు? అడుగు కర్ర మార్చడానికి పూటంతా పట్టే పనికి "ముక్క చెక్కే కదా" అని సగం కూలి ఇచ్చాం. కొత్త తలుపు పనికి అడిగినంత ఇచ్చాం. మరమ్మతులో నైపుణ్యం ఎక్కువ కావాలి. పాత కర్ర తీరు తెలియాలి, వంకర చట్రానికి తగ్గట్టు కొత్త ముక్క చెక్కాలి. దానికి తక్కువ, దీనికి ఎక్కువ ఇచ్చి, ఉలి పట్టిన ఇళ్ళలో పిల్లలు ఆ పని ఎందుకు నేర్చుకోలేదని అడిగితే ఏం చెప్తారు? హైదరాబాదు వెళ్ళి ప్లైవుడ్ అల్మరాలు బిగిస్తున్నారు. వాళ్ళ తప్పేం లేదు. తప్పు మన బేరంలో ఉంది.

అయినా బందరులో, పెడనలో, అవనిగడ్డలో పాత కర్ర మీద చెయ్యి వేయగల పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు. మీ పేటలోనే ఎవరో ఒకరు ఉంటారు, నలుగురిని అడిగితే తెలుస్తుంది. పాత సామాను బండివాడిని పిలిచేముందు ఆయన్ని ఒకసారి పిలిచి చూపించండి. ఆయన బాగవుతుందంటే కొత్త పనికి ఇచ్చే కూలే ఇచ్చి బాగుచేయించుకోండి. పక్కన మీ ఇంటి కుర్రాడినో, వీధిలో పని నేర్చుకుంటానన్న కుర్రాడినో నిలబెట్టండి. ఈ రోహిణి కార్తె దాటితే మళ్ళీ కర్ర అంతగా ఎండేది వచ్చే ఏడే.